ఉక్కపోతలో గేదె రొప్పు తగ్గడం లేదు, నీళ్లు చల్లే పద్ధతి మార్చాలా?

మా పాడి గేదె పది రోజులుగా మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 5 వరకు నాలుక బయటపెట్టి, చొంగ కారుస్తూ రొప్పుతోంది. ఊపిరి నిమిషానికి 64 సార్లు, ఒంటి వేడి 39.8 డిగ్రీలు ఉంటున్నాయి, పాలు 8 లీటర్ల నుంచి 5కు పడిపోయాయి. కొట్టంలో ఉష్ణోగ్రత 37 డిగ్రీలు, గాలిలో తేమ 65 శాతం. గేదెకు చెమట గ్రంథులు తక్కువ కనుక గంటకోసారి నీళ్లు చల్లాను, చుట్టూ తడి గోనెపట్టాలు కట్టాను, మేతను తెల్లవారుజాముకు, రాత్రికి మార్చాను. పశువైద్యుడు పరీక్షించి రోగమేమీ లేదన్నారు. నీళ్లు చల్లిన పది నిమిషాలు నెమ్మదించి, మళ్లీ రొప్పు మొదలవుతోంది. వీపు మీద చెయ్యి వేస్తే సాయంత్రం దాకా తడి తగులుతూనే ఉంటుంది, అంటే గోనెపట్టాలు గాలిని ఆపి తేమను పెంచడం వల్ల నీరు ఆవిరై ఒంటి వేడిని తీసుకుపోవడం లేదని నా అనుమానం. ఆ మూగజీవి అవస్థ చూడలేకపోతున్నాను. ఇంత తేమలో గోనెపట్టాలు తీసేసి ఫ్యాను పెడితే, ఎన్ని నిమిషాలు తడిపి, ఎన్ని నిమిషాలు గాలికి ఆరనివ్వాలి?