ముడి ఫైలులో ‘కళాఖండాలు’: ఈ మాటను తెలుగులో ఏమందాం?

ప్రశ్న

కెమెరా ముడి ఫైళ్ళను (కెమెరా కొలిచిన వెలుగును దిద్దకుండా దాచిన ఫైళ్ళను) ఫొటోలుగా మార్చే ఒక సాఫ్ట్‌వేరుకు సహాయ పుటలు తెలుగు చేస్తున్నాను. అంతకుముందు యంత్రం చేసిన అనువాదంలో ఒక వాక్యం ఇలా ఉంది: ‘ఆకాశంలో కళాఖండాలు కనిపిస్తే పద్ధతి మార్చండి.’ ఆకాశంలో కళాఖండాలు కనిపిస్తే ఎవరైనా చూసి మురిసిపోతారు గానీ పద్ధతి ఎందుకు మారుస్తారు? మూలంలో ఉన్నది ఆర్టిఫాక్ట్. తవ్వకాల్లో దొరికిన కుండపెంకుకూ అదే మాట, ఫొటోలో ఉండకూడని చోట పుట్టుకొచ్చిన గీతలకూ అదే మాట. యంత్రం కుండపెంకును పట్టుకుంది.

‘ముడి ఫైలు’తో పేచీ లేదు, ముడి చమురు, ముడి సరుకు అలవాటే కనుక చదివేవారు తడబడరు. ‘లోపం’ అంటే మరీ పలచన, లెన్సు మీది దుమ్ము మచ్చ కూడా లోపమే కదా. ‘కృతకం’ అని రాసి చూశాను. నవ్వుకో, మర్యాదకో సరిపోయే మాట, గీతలకు అతకలేదు. మీకేమైనా తోస్తుందా?

జవాబు

‘దొంగ’ ఉండగా ఇంత వెతుకులాట ఎందుకండీ? దొంగనిద్ర, దొంగ ఏడుపు. లేనిది ఉన్నట్టు కనిపించడానికి మనకున్న పాత మాట అదే. దొంగ గీతలు, దొంగ రంగులు అనండి, చదివినవారికి చటుక్కున అర్థమవుతుంది.

ఇంకో జవాబు

‘దొంగ గీతలు’ నాకూ నచ్చింది. అయితే సహాయ పుటకు ఆ ఒక్క మాట చాలదు. దొంగ ఎవరో తెలియకపోతే పట్టుకునే దారి కూడా చెప్పలేం. నేను ఈ ఫైళ్ళతో రోజూ కుస్తీ పడేవాణ్ణి కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

కెమెరాలో వెలుగును కొలిచే పలక, అంటే సెన్సరులో ఒక్కో గడి ఒక్క రంగునే కొలుస్తుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంటు వచ్చిన అమరికే నేటికీ ఎక్కువ కెమెరాల్లో ఉంది: ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. అంటే పూర్తయిన ఫొటోలోని అంకెల్లో మూడింట రెండు వంతులు కెమెరా చూసినవి కావు, పొరుగు గడులను బట్టి సాఫ్ట్‌వేరు నింపినవి. తాళపత్రంలో గ్రంథపాతం ఉన్న చోట, అంటే అక్షరాలు పోయిన చోట, లేఖకుడు ముందువెనుకలు చూసి, గణాలూ యతీ సరిపెట్టి అక్షరాలు పూరించినట్టే. కాబట్టి ఈ పనిని ‘పూరణ’ అంటే చక్కగా సరిపోతుంది. ఆ పూరణ తప్పితే వచ్చేదాన్ని ‘ప్రక్షిప్తం’ (మూలంలో లేక తర్వాత చొరబడినది) అనాలని నా మనసులో ఉంది. సహాయ పుటలో ఆ మాట చూసి జనం పారిపోతారని భయపడి ఊరుకుంటున్నాను.

మీ వాక్యంలోని ఆకాశం సంగతికి వద్దాం. మబ్బులేని నీలాకాశాన్ని మూడు వందల శాతానికి పెంచి చూడండి. చిన్న అడ్డగీత, దాని పక్కనే నిలువు గీత, మళ్ళీ అడ్డగీత, అన్నీ ఒకదానికొకటి అతుక్కుని చిక్కుదారి బొమ్మలా కనిపిస్తాయి. పూరించేటప్పుడు సాఫ్ట్‌వేరు ప్రతి గడి దగ్గరా ఒక తీర్పు చెప్పాలి: అడ్డంగా ఉన్న పొరుగును నమ్మాలా, నిలువుగా ఉన్నదాన్నా? గోడ అంచో, కొమ్మో ఉంటే తీర్పు తేలిక. ఆకాశంలో ఆధారమేదీ లేదు. పైగా ఎర్ర గడుల వరసలో ఉన్న ఆకుపచ్చకూ నీలపు వరసలో ఉన్న ఆకుపచ్చకూ కొలతలో కొద్దిపాటి తేడా రావచ్చు. ఆ తేడానే సాఫ్ట్‌వేరు గీత అనుకుంటుంది. వీటిని ‘చిక్కుగీతలు’ అనండి. విరుగుడు ఇదీ: ముందు రెండు ఆకుపచ్చలనూ సమం చేసే మీట వాడాలి, ముడి ఫైళ్ళను మార్చే సాఫ్ట్‌వేర్లయిన రాథెరపీలోనూ అది ఉంది, డార్క్‌టేబుల్‌లోనూ ఉంది. అప్పటికీ పోకపోతే పూరణ పద్ధతిని వాటిలోనే ఉండే వీఎన్‌జీ4 అనే పద్ధతికి మార్చాలి. సన్నని వివరం కొంత తగ్గుతుంది, ఆకాశానికి దానితో నష్టమేమీ లేదు.

చొక్కా మీదో, దూరపు కిటికీ జాలీ మీదో కనిపించే ఇంద్రధనుస్సు పట్టీలు వేరు. అక్కడ నేత గడుల కన్నా సన్నం. కెమెరా దాన్ని లెక్కపెట్టలేక మరో వెడల్పాటి నేతను చూసింది. పూరణ పద్ధతి మారిస్తే రంగు కొంత తగ్గవచ్చు, పట్టీ మాత్రం పోదు, ఎందుకంటే అది ముడి ఫైలులోనే ఉంది. దీన్ని ఆపడానికే సెన్సరు ముందు బొమ్మను కొద్దిగా మసకబార్చే వడపోత పెట్టేవారు. 2012లో వచ్చిన నికాన్ డీ800లో అది ఉంది, జంటగా వచ్చిన డీ800ఈలో దాని ప్రభావాన్ని రద్దు చేశారు. తీసేటప్పుడే ఒక అడుగు ముందుకో వెనక్కో జరగడం అన్నిటికన్నా సుఖం. ఈ పట్టీల పేరు మొయిరే. మేక వెంట్రుకల బట్టకు అరబ్బీలో ఉన్న ముఖయ్యర్ అనే పేరు ఇంగ్లీషులో మోహెయిర్ అయింది, ఫ్రెంచిలో మొయిరే అయింది, చివరికి నీటి అలల నిగనిగ ఉన్న పట్టుకు పేరుగా నిలిచింది. బట్ట పేరు బట్ట మీది తెగులుకు రావడం ముచ్చటగానే ఉంది, అందుకే నేనైతే దాన్ని కదపను.

ఒక్కటి మరిచాను. అరవై ఏడు శాతంలో కనిపించి నూరు శాతంలో మాయమయ్యే గళ్ళు ఫైలులో లేనే లేవు, బొమ్మను తెర మీద చిన్నది చేసి చూపడంలో పుట్టినవి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందు నూరు శాతంలో చూశారా అని అడగండి.

మొదట అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. శీర్షికలో ‘దొంగ గీతలు’ పెట్టాను. లోపలి వాక్యం ఇప్పుడు ఇలా ఉంది: ‘ఆకాశంలో చిక్కుగీతలు కనిపిస్తే ఆకుపచ్చలను సమం చేయండి; పోకపోతే పూరణ పద్ధతి మార్చండి.’ మొయిరేను కదపలేదు. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-ట్రాన్స్ (గడుల అమరిక బేయర్‌ది కాని సెన్సరు) ఫైళ్ళను ఎక్కువగా పదును పెడితే ఆకుల్లో వచ్చే మెలికలకు మూలంలో ‘పురుగులు’ అని ఉంది. ఆకుల్లో పురుగులే కదా అని దాన్నీ అలాగే ఉంచేశాను.