ఆటోనగర్ షెడ్డు: మెకానిక్‌లకి టార్గెట్ పెడితే పని చెడుతోంది, ఏం చేయాలి?

బెజవాడ_షెడ్డు:
ఆటోనగర్‌లో కార్ల సర్వీసు షెడ్డండీ. మెకానిక్‌లు ఆరుగురు, హెల్పర్లు ఇద్దరు. ఒక్కో మెకానిక్‌కి నెలకి 60 వేల లేబర్ బిల్లు టార్గెట్, దాటితే 2 వేలు ఇస్తామన్నాం. బిల్లు పెరిగింది గానీ చేసిన బండ్లే వారంలో మళ్లీ వస్తున్నాయి. ఏసీ గ్యాస్ అంటే ముగ్గురు లేస్తారు, క్లచ్ అంటే ఒక్కడూ కదలడు. ఇద్దరు 20వ తేదీకే చేతులెత్తేశారు. టార్గెట్ తీసేయాలా?

జాబ్‌కార్డు:
తీసేయకండి, మార్చండి. ఏ బండి వస్తుందో, పార్టు ఎప్పుడొస్తుందో మెకానిక్ చేతిలో లేదు. ఆయన్ని బిల్లు అడిగితే అక్కర్లేని పని రాస్తాడు. 1992లో అమెరికాలో సియర్స్ అనే స్టోర్ల కంపెనీ నడిపే కార్ల రిపేరు సెంటర్ల మీద కాలిఫోర్నియా ప్రభుత్వం చర్యలకు దిగింది ఇలాంటి బిల్లుల మీదే. టార్గెట్లు పెట్టిన తీరు వల్లే ఆ తప్పులకి దారి పడిందని చివరికి ఆ కంపెనీ ఛైర్మనే ఒప్పుకున్నారు.

ముందు నాలుగు వారాల జాబ్ కార్డులు (ఒక్కో బండికి రాసే పని చీటీలు) తీసి రెండే లెక్కలు చూడండి: చెప్పిన టైముకి ఇచ్చిన బండ్లెన్ని, అదే కంప్లైంటుతో 15 రోజుల్లో తిరిగొచ్చినవెన్ని. నూటికి 70 టైముకి వెళ్తుంటే వచ్చే నెలకి 78 పెట్టండి. 95 అంటే మొదటి వారమే వదిలేస్తారు, 'బాగా చేయండ్రా' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పార్టు రాక ఆగిన బండికి కార్డు మీద 'పార్టు' అని రాసి లెక్కలోంచి తీసేయాలి. అది చేయకపోతే ఆ లెక్కని ఎవరూ నమ్మరు.

టార్క్_రెంచ్:
క్లచ్ గొడవకి రూపాయలు మానేసి గంటలు లెక్కేయండి. మీ షెడ్డులో మధ్యరకం మెకానిక్‌కి పట్టే టైమే కొలత. జనరల్ సర్వీసు 2 గంటలు, ముందు బ్రేక్ ప్యాడ్లు 1, క్లచ్ 5, అలా. తిరిగొచ్చిన బండి చేసినవాడే సరిచేయాలి, ఆ గంటలు కలపకూడదు. పని ఫోర్‌మన్ పంచాలి, ఏరుకోనివ్వొద్దు.

20వ తేదీకి 30 వేల దగ్గరున్నవాడికి 60 అందదని తెలుసు, ఇంకెందుకు పరిగెత్తుతాడు? నెల లెక్క మానేసి ప్రతి శనివారం తేల్చండి. డబ్బు కూడా ఒకేసారి కాకుండా మెట్లుమెట్లుగా ఇవ్వండి.

పాత_మేస్త్రీ:
హెల్పర్లని ఇందులోకి లాగకండి. నేర్చుకునేవాడికి స్పీడు టార్గెట్ పెడితే నట్లు సగం బిగించి వదులుతాడు. 'ఈ నెల డ్రమ్ బ్రేకు 5 సార్లు మేస్త్రీ ముందు విప్పి బిగించాలి' అనండి, అదే వాడి టార్గెట్.

డబ్బు లేకుండానూ నడుస్తుంది. లాథమ్, బాల్డెస్ అనే పరిశోధకులు 1975లో అచ్చేసిన పరిశీలన చూడండి. ఓక్లహోమాలో దుంగల లారీలు చట్టం ఒప్పుకునే బరువులో 60 శాతమే నింపేవి. 94 శాతమని అంకె చెప్తే 90 దాటాయి, అదనంగా ఒక్క డాలరూ ఇవ్వకుండానే. (మన లారీలకి ఆ బాధ లేదు, 60 శాతం లోడుతో ఏదీ కదలదు!)

బెజవాడ_షెడ్డు:
ఏప్రిల్, మే కార్డులు చాలా?

జాబ్‌కార్డు:
వద్దండీ. అవి ఏసీ నెలలు, ఆ గంటలు జూలైలో రావు. వర్షాకాలానికి విడిగా తీయండి.