ల్యూర్‌కి (చేపని పట్టే ఉత్తుత్తి ఎరకి) రంగు ముఖ్యమా, కదలిక ముఖ్యమా?

గాలంరాజు:
ఒకే క్రాంక్‌బైట్‌ని (లాగితే ఊగుతూ లోపలికి దిగే చేప ఆకారం ల్యూర్‌ని) ఇంద్రధనుస్సంత రంగుల్లో అమ్ముతున్నారు. రంగులు మనిషిని పట్టడానికే తప్ప చేపని పట్టడానికి కాదని నా వాదన. నీళ్లలో ఎలా కదిలిందన్నదే లెక్క. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి. "నాకు ఎరుపుకే పడింది" అంటే ఒప్పుకోను, ఆ రోజంతా ఎరుపే వేసి ఉంటారు.

ఒడ్డుమనిషి:
సగం మీవైపే అన్నా. స్పూన్ చూడండి, వంచిన రేకు ముక్క, అంతే. 1852లో అమెరికాలో జూలియో బ్యూల్ పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పటికీ రూపం పెద్దగా మారలేదు. లాగితే అటూ ఇటూ ఊగుతుంది, వదిలితే దొర్లుతూ దిగుతుంది. పల్చటి రేకయితే నెమ్మదిగా లాగినా ఊగుతుంది. మందపు రేకు దూరం పోతుంది కానీ అదే నిదానంతో లాగితే మునిగిపోతుంది. రంగేసినా వేయకపోయినా ఇదింతే. మిగతా సగం మెరుపు. దాన్ని ఏ ఖాతాలో రాస్తారో మీరే చెప్పాలి.

నీటిలోతు:
రంగు దండగ అంటున్నవాళ్లు నీళ్లు వెలుగుని ఏం చేస్తాయో వదిలేస్తున్నారు. తేట నీళ్లలో అన్నిటికంటే ముందు ఆగిపోయేది ఎరుపు. కొన్ని మీటర్లు దిగాక ఎర్ర ల్యూర్ మసి రంగులోకి మారిపోతుంది. నీలం చాలా లోతుదాకా పోతుంది. బురద నీళ్లలో కథ తిరగబడుతుంది, అక్కడ ముందు చచ్చేది నీలమే. ఫ్లోరోసెంట్ పెయింట్ సంగతి వేరు: లోపలికి చేరిన నీలి వెలుగుని మింగి తన రంగులో బయటికి వదులుతుంది, అందుకే మామూలు పెయింట్ నల్లబడిన లోతులోనూ కనిపిస్తుంది. రాత్రిపూట నీటిపైన నల్ల ల్యూర్ వేసేది కూడా ఇందుకే. కింద నుంచి చూసే చేపకి ఆకాశం మీద ఆకారం స్పష్టంగా తెలియాలి.

గాలంరాజు:
అయితే నేనే గెలిచినట్టు. ఎరుపు కాస్తా నలుపయ్యేదానికి ఎరుపు కొనడం ఎందుకండీ?

నీటిలోతు:
నలుపు రంగు కాదా ఏంటి?

జిగ్‌వీరుడు:
ఇద్దరూ కళ్ల దగ్గరే ఆగిపోయారు. చేప ఒంటికి రెండు పక్కలా పార్శ్వరేఖ ఉంటుంది, దగ్గర్లో నీళ్లు కదిలితే దానికి తెలుస్తుంది. లాగితే రేకులు గిర్రున తిరిగే స్పిన్నర్‌బైట్‌లో రెండు రకాల రేకులు ఎందుకున్నాయనుకున్నారు? కొలరాడో రేకు గుండ్రంగా, లోతుగా ఉంటుంది, నిదానంగా తిరుగుతూ నీళ్లని గట్టిగా తోస్తుంది. ఆ దడ రాడ్ పట్టుకున్న చేతికి కూడా తెలుస్తుంది. విల్లో రేకు సన్నగా ఆకులా ఉంటుంది, జోరుగా తిరుగుతుంది, మెరుపెక్కువ, దడ తక్కువ. బురదలో మొదటిది, తేట నీళ్లలో రెండోది.

క్రాంక్‌బైట్ మూతి కింద ప్లాస్టిక్ నాలుక కూడా అంతే. పొడుగ్గా, ఒంటికి సూటిగా ముందుకి చాచి ఉంటే లోతుకి దూకుతుంది. పొట్టిగా, నిటారుగా కిందికి దిగి ఉంటే పైపైనే గట్టిగా ఊగుతుంది. దారం కట్టే రింగు వెంట్రుకవాసి వంగినా ల్యూర్ ఒక పక్కకి ఈడ్చుకుపోతుంది. ఎడమకి పోతుంటే రింగుని కొద్దిగా కుడికి వంచాలి. అదే పెయింట్ సగం ఊడిపోయి, పళ్ల గాట్లు పడ్డ ల్యూర్‌ని వేయండి, దాని పని అది చేస్తూనే ఉంటుంది.

ఫిన్లాండ్‌లో లౌరి రపాలా 1936లో బెండు చెక్కి ల్యూర్ చేసింది కూడా, మంద నుంచి తేడాగా ఈదే చేప మీదే వేటచేప పడుతుందని గమనించాకే. ఆ కుంటి నడక కోసమే అంత తంటాలు.

నీటిలోతు:
ఆ బెండు మీద చాక్లెట్ రేకు చుట్టాడు కదా సార్. నడక ఒక్కటే చాలయితే రేకెందుకు?

జిగ్‌వీరుడు:
పొలుసుల మెరుపు కోసం. అది వెలుగు, రంగు కాదు.

నీటిలోతు:
బాగుంది, మీకు పనికొచ్చినవన్నీ "రంగు కాదు"!

పాచిలోకప్ప:
కొర్రమీను కోసం దట్టమైన పాచి మీద ఫ్రాగ్ (కప్ప ఆకారం ల్యూర్) లాగేవాళ్లకి ఈ గొడవే లేదు. ఆకుల కింద నుంచి దానికి కనిపించేది ఏముంది? పైన ఏదో కదిలింది, మీద పడింది. హుక్కులు పైకి తిరిగి ఒంటికి ఆనుకుని ఉంటాయి కాబట్టి పాచికి తగులుకోదు. నీళ్లు చిమ్మగానే రాడ్ లాగేయకండి, నోట్లోకి పోనివ్వండి.

ఒడ్డుమనిషి:
నాకనిపించేది చెప్తా. చేపకి చూసుకోవడానికి ఎంతసేపు ఇస్తున్నారన్నది అడగాలి. జోరుగా లాగే స్పిన్నర్ వెంటపడ్డ చేప కోపంతోనో ఆకలితోనో కొట్టేస్తుంది, పొలుసుల డిజైన్ పరీక్షించదు. కుదుపుతూ లాగి, నీళ్ల మధ్యలో ఆపి నిలబెట్టే జర్క్‌బైట్ అలా కాదు, తేట నీళ్లలో చేప దగ్గరికొచ్చి చూసి వెనక్కి పోవడం కళ్లారా కనిపిస్తుంది. ఆ రెండు మూడు క్షణాల్లో రంగుకి విలువుంది. అడుగున పడుకోబెట్టిన సాఫ్ట్ ప్లాస్టిక్‌కైతే (మెత్తటి ప్లాస్టిక్ ల్యూర్‌కైతే) ఇంకా ఎక్కువ.

గాలంరాజు:
తేట నీళ్లు, నిలబెట్టిన ల్యూర్: ఆ రెండూ కలిసినచోట ఒప్పుకుంటా. అంతకుమించి ఒప్పుకోను. అసలు జర్క్‌బైట్ నిలబడేదే బరువు సరిపోయినందుకు. ఒక సైజు పెద్ద హుక్ తగిలించి చూడండి, నిలబడాల్సింది కాస్తా మెల్లగా మునుగుతుంది. ఏ రంగైనా సరే.

నీటిలోతు:
మునుగుతూ పోతుంటే ముందు ఎరుపు మాయమవుతుంది. మళ్లీ నా దగ్గరికే వచ్చారు.