షుగర్‌తో కిడ్నీ దెబ్బతింటే పప్పు, గుడ్డు మానేయాల్సిందేనా?

తణుకు_అమ్మాయి
మా నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ వచ్చి 18 ఏళ్లు. జనవరిలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోయాల్సిన వ్యర్థం) 1.9, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం అంచనా) 39, మూత్రంలో అల్బుమిన్ నిష్పత్తి (ఏసీఆర్) 420 వచ్చాయి. "ప్రొటీన్ తగ్గించండి" అని డాక్టరుగారు ఒక్క మాటన్నారు. ఎంత తగ్గించాలో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ రోజు నుంచే అమ్మ పప్పు, గుడ్డు, చేపలు, పాలు అన్నీ బంద్ చేసేసింది. నాలుగు నెలలుగా అన్నం, బీరకాయో సొరకాయో ఒక కూర, నీళ్ల మజ్జిగ. పప్పు లేని అన్నం దిగట్లేదని రెండు పూటలా ఆవకాయ.

మొన్నటి రిపోర్టులో క్రియాటినిన్ 1.7కి దిగింది. ఈజీఎఫ్ఆర్ 44. అమ్మ ఆనందం చూడాలి! కానీ బరువు 68 నుంచి 61కి పడిపోయింది. వాచీ మణికట్టు మీద నిలవట్లేదు, మోచేతి దాకా జారుతోంది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాలి. డల్లాస్‌లో ఉన్న తమ్ముడేమో "మూత్రంలో ప్రొటీన్ పోతుంటే తిరిగి ఎక్కించాలి కదా" అని రెండు కిలోల ప్రొటీన్ పౌడర్ డబ్బా పంపాడు. అమ్మది రైటా, తమ్ముడిది రైటా?

పదకొండేళ్ల_పేషెంట్
అమ్మగారిదే రైటు. ఆ డబ్బా సీలు తీయకండి.

కిడ్నీలో వడపోత చుట్టలుంటాయి. ప్రొటీన్ ఎక్కువ తిన్నప్పుడల్లా వాటిలోకి రక్తం తెచ్చే నాళం వెడల్పవుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి అక్కడ ఒత్తిడి ముందే ఎక్కువ. ఈ అదనపు ఒత్తిడే చుట్టల్ని కాలక్రమేణా పాడుచేస్తుందని బ్రెన్నర్ అనే కిడ్నీ డాక్టరు 1982లోనే ప్రతిపాదించాడు. మూత్రంలో పోతోందని ఇంకా తినడమంటే ఓటికుండలో నీళ్లు పోయడం. పైగా ఇక్కడ పోసేకొద్దీ చిల్లు పెద్దదవుతుంది. నేను రోజుకి కిలో బరువుకి 0.6 గ్రాములు దాటను. పదకొండేళ్లయింది, డయాలసిస్ గడప తొక్కలేదు.

ఖమ్మం_డైటీషియన్
పౌడర్ వద్దన్నారు, ఒప్పుకుంటాను. అమ్మగారిది రైటన్నదే ఒప్పుకోలేను.

తణుకు అమ్మాయిగారూ, క్రియాటినిన్ తగ్గిందని సంబరపడకండి. అది తయారయ్యేది కండలో. కండ కరిగితే రక్తంలో క్రియాటినిన్ తగ్గుతుంది, దాన్నిబట్టి లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్ పెరిగినట్టు కనబడుతుంది. కిడ్నీ ఉన్నచోటే ఉండొచ్చు, దిగజారి కూడా ఉండొచ్చు. ఏడు కిలోలు తగ్గిన మనిషికి ఈ నంబరు నమ్మడానికి లేదు. సిస్టాటిన్ సి అని ఇంకో రక్తపరీక్ష ఉంది. దానికి కండతో పెద్దగా లింకు లేదు, అది చేయించమని అడగండి. అన్నిటికన్నా ఆ వాచీ నిజం చెబుతోంది.

షుగర్ ఉన్నవాళ్లకి కండ త్వరగా ఎందుకు కరుగుతుందంటే, ఇన్సులిన్ పని చక్కెరని సర్దడం ఒక్కటే కాదు, కండ విరిగిపోకుండా ఆపడం కూడా. అది సరిగ్గా పనిచేయనప్పుడు కండలోని ప్రొటీన్ విరిగి అమైనో ఆమ్లాలుగా రక్తంలోకి వస్తుంది. కాలేయం వాటిలో కొన్నింటితో గ్లూకోజ్ తయారుచేస్తుంది, మిగిలిన నత్రజని యూరియా అవుతుంది. అంటే ప్లేటులో ప్రొటీన్ సున్నా చేసినా యూరియా ఆగదు, మన కండనే మనం తింటున్నట్టు. కిడ్నీ దెబ్బతిని రక్తంలో ఆమ్లం పేరుకుంటే ఈ కరగడం ఇంకా ఎక్కువవుతుంది. అందుకే బైకార్బొనేట్ (రక్తంలో ఆమ్లాన్ని విరిచేది) తగ్గినవాళ్లకి డాక్టర్లు సోడా మాత్రలు రాస్తారు.

ఇక లెక్క. మీరు చెప్పిన తిండిలో అన్నం, కూర, మజ్జిగ అన్నీ కలిపినా రోజుకి 25 గ్రాముల ప్రొటీన్ మించదు. డయాలసిస్ లేని షుగర్-కిడ్నీ పేషెంట్లకి కేడిగో (అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ) 2022 మార్గదర్శకాలు చెప్పేది కిలోకి 0.8 గ్రాములు. పాత బరువు 68 మీద వేస్తే 54. అంటే సగం కూడా అందట్లేదు. కందిపప్పు 30 గ్రాములు (పచ్చిది తూచి) వేస్తే 7, ఒక గుడ్డు 6, చిన్న కప్పు పెరుగు 5, అరచేతిలో సగం చేపముక్క 11. కూడుకోండి, సరిగ్గా సరిపోతుంది. హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) ఆరోగ్యవంతులకి చెప్పేదే 0.83. కాబట్టి "తగ్గించండి" అంటే మామూలు మనిషి తినేంత తినమని. మానేయమని కాదు.

పదకొండేళ్ల_పేషెంట్
కేడిగో ఒక్కటే ఉందా? అమెరికా కిడ్నీ మార్గదర్శకాలు కేడీఓక్యూఐ 2020లో షుగర్ వాళ్లకి 0.6 నుంచి 0.8 అని రాసింది. 0.6 కూడా అందులో ఉంది కదండీ. నేనేమన్నా గాల్లోంచి తెచ్చానా?

రుజువు_చూపించండి
ఉంది సార్. కానీ దాని వెనక బలం ఎంత? ఈ విషయం మీద జరిగిన పెద్ద స్టడీ ఎండీఆర్‌డీ, 1994లో ఫలితాలొచ్చాయి. కిలోకి 0.58 గ్రాములు తిన్నవాళ్లకీ 1.3 తిన్నవాళ్లకీ కిడ్నీ పాడయ్యే వేగంలో తేల్చి చెప్పగల తేడా రాలేదు. పైగా ఇన్సులిన్ వాడే షుగర్ పేషెంట్లని అందులోకి తీసుకోనే లేదు! ఆ తర్వాత ఎస్‌జీఎల్‌టీ2 అనే రకం షుగర్ మందులొచ్చాయి. 2019లో కానాగ్లిఫ్లోజిన్, 2020లో డాపాగ్లిఫ్లోజిన్ కిడ్నీని కాపాడతాయని పెద్ద ట్రయల్స్‌లో తేలింది. మీరు చెప్పిన ఒత్తిడినే ఆ మాత్ర తగ్గిస్తుంది. మీ పదకొండేళ్లలో పప్పు మానడం ఎంత, మాత్రలు ఎంత, బీపీ కంట్రోల్ ఎంత? విడదీసి చెప్పగలరా?

పదకొండేళ్ల_పేషెంట్
విడదీయలేను. మీరూ విడదీయలేరు. అందుకే నా పద్ధతి నేను మార్చుకోను. ఒక్కటి ఒప్పుకుంటాను: నా 0.6ని ప్రతి మూడు నెలలకీ డైటీషియన్ చూస్తుంది, బరువు కిలో తగ్గినా తిడుతుంది. ఇంట్లో అందాజాగా చేసేది కాదిది.

పలాస_జీడి
మా ఉద్దానం వైపు పప్పులు తినే కిడ్నీలు పోయాయంటారా మరి?

ఖమ్మం_డైటీషియన్
అది వేరే కథండీ. ఉద్దానంలో చాలామందికి షుగరూ లేదు, బీపీ కూడా లేదు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఆ భయం తెచ్చి ఈ పప్పుగిన్నెలో కలపకండి.

వరంగల్_కోడలు
నాదో మాట. మా అత్తమ్మకు డయాలసిస్ మొదలైనంక కూడా పాత చీటీ పట్టుకొని ఏడాది పాటు గుడ్డు పెట్టలేదు మేము. డయాలసిస్ సెంటర్ల ఒక్కరు కూడా అడగలేదు. తర్వాత ఒక నర్సమ్మ చెప్పింది, డయాలసిస్ మీదున్నోళ్లకు కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలంట, ఒక్కో సిట్టింగ్‌లనే 6 నుంచి 12 గ్రాముల అమైనో ఆమ్లాలు కొట్టుకపోతయంట. అప్పటికే అత్తమ్మ మంచం దిగలేని స్థితి. చీటీకి కూడా తేదీ ఉంటది, చూసుకోండి.

రుజువు_చూపించండి
తణుకు అమ్మాయిగారూ, అందరం పప్పు దగ్గరే ఆగిపోయాం. రెండు పూటలా ఆవకాయ అన్నారు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు. బీపీ ఎంత? షుగర్‌కి ఏం వాడుతున్నారు?

తణుకు_అమ్మాయి
బీపీ 150/90. షుగర్‌కి గ్లిమెపిరైడ్ మాత్ర, రాత్రికి ఇన్సులిన్. ఈ నెలలో రెండుసార్లు తెల్లవారుజామున చెమటలు పట్టాయి, షుగర్ 62కి పడిపోయింది.

ఖమ్మం_డైటీషియన్
రేపే డాక్టర్‌కి ఫోన్ చేయండి. తిండి సగమైంది, మందు డోసు పాతదే. పైగా కిడ్నీ మందగిస్తే ఇన్సులిన్ ఒంట్లోంచి త్వరగా బయటికి పోదు, ఎక్కువసేపు పనిచేస్తుంది. గ్రాముల గొడవ తర్వాత, ముందు ఇది.

తణుకు_అమ్మాయి
వారం తర్వాత రాస్తున్నా. గ్లిమెపిరైడ్ ఆపేశారు, ఇన్సులిన్ తగ్గించారు. బరువు చూసి డాక్టరుగారే ఉలిక్కిపడ్డారు. "నేను తగ్గించమన్నాను, మానేయమనలేదు కదమ్మా" అన్నారు. ఏసీఆర్ మళ్లీ ఇచ్చాం, సిస్టాటిన్ సి కూడా. రిపోర్టు రావాలి. డబ్బా తమ్ముడికే తిప్పి పంపుతానంటే వద్దన్నాడు, అలాగే అటక మీద ఉంది.

అమ్మ వంటింట్లో చిన్న తూకం మెషీన్ పెట్టింది. నిన్న నాలుగు నెలల తర్వాత ముద్దపప్పు వండింది, తూచి 30 గ్రాములు. నాన్నగారు కంచం ముందు కూర్చుని రెండు నిమిషాలు అటూ ఇటూ వెతికి, "ఆవకాయ ఏదే?" అన్నారు. అమ్మ జాడీ దాచేసింది. ఇప్పుడు ఇంట్లో గొడవ దాని మీద.