అక్వినాస్ లెక్కలో దెబ్బ తగిలింది ఎద్దుకా, యజమానికా?

ప్రశ్న:
పశువైద్యుడిగా పదవీ విరమణ చేశాక తీరిగ్గా క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ 'సుమ్మా థియొలాజికా' మొదలుపెట్టాను. ప్రశ్నలు, జవాబులుగా సాగే 13వ శతాబ్దపు మతగ్రంథం. రెండో భాగం ఉత్తరార్ధంలో 64వ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఇంకొకరి ఎద్దును చంపినవాడు పాపం చేసినట్టేనట, కానీ ఎద్దును చంపినందుకు కాదు, యజమాని ఆస్తికి నష్టం చేసినందుకట! అర్ధరాత్రి టార్చిలైటు వెలుగులో అడ్డం తిరిగిన దూడలను ఎన్నిసార్లు బయటికి లాగానో. మూలుగుతున్న ఆవులో నాకు ఎవరి ఆస్తీ కనబడలేదు. అంత తార్కికుడికి పశువు బాధ తెలియలేదా?

జవాబు:
తెలుసు సార్. అదే రెండో భాగం పూర్వార్ధంలో 102వ ప్రశ్న చూడండి. కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం వేయరాదని మోషే ధర్మశాస్త్రం. దేవుడికి ఎడ్ల గురించి చింతా అని బైబిల్లోనే అపొస్తలుడు పౌలు. ఈ రెండింటినీ అక్కడ ఎదురెదురుగా నిలబెట్టాడు. జంతువులకు నొప్పి తెలుస్తుందని ఒప్పుకున్నాడు. వాటి మీద జాలిపడేవాడికి తోటి మనుషుల మీదా జాలి కలుగుతుందన్నాడు. జంతువును యంత్రంతో పోల్చింది 17వ శతాబ్దపు ఫ్రెంచి తత్వవేత్త దెకార్త్. ఆ నింద ఈయన నెత్తిన వేయకండి.

ప్రశ్న అడిగినవారు:
అంటే ఆ జాలి నన్ను బాగుచేయడానికి, ఎద్దును కాదు. రోగి ఏమైనా వైద్యుడి చేయి తిరిగితే చాలన్నట్టుంది.

మరో జవాబు:
అది పండితుల మాట. అదే శతాబ్దంలో ఫ్రాన్సులో, లియోన్‌కు ఉత్తరాన, పల్లె స్త్రీలు గినెఫోర్ అనే వేటకుక్కను పునీతుడిగా కొలిచారు. పసిబిడ్డను పాము నుంచి కాపాడితే, నోటి నెత్తురు చూసి యజమాని తొందరపడి చంపేశాడట. అచ్చం మన పంచతంత్రంలోని ముంగిస కథ! జబ్బు పిల్లలను దాని సమాధి దగ్గరికి తెచ్చేవారు. ఎతియెన్ ద బూర్బోన్ అనే డొమినికన్ (ఒక క్యాథలిక్ సన్యాస సంఘం) సన్యాసి ఆ ఎముకలు తవ్వించి, చుట్టూ ఉన్న చెట్లతో సహా కాల్పించాడు. అక్వినాస్ కూడా డొమినికనే. అయినా ఆ మొక్కులు 19వ శతాబ్దం దాకా సాగాయి.

ప్రశ్న అడిగినవారు:
102 చదివాను. నొప్పి సంగతి మీరన్నట్టే ఉంది, ఒప్పుకుంటున్నాను. 64 మీద కోపం మాత్రం తగ్గలేదు. కాకపోతే రాత్రి ఒకటి గుర్తొచ్చింది. ఆవు చనిపోతే బీమా పత్రంలో దాని ధర కట్టి సంతకం పెట్టింది నేనే. ఆ కాగితంలో ఆవు పడ్డ బాధ రాయడానికి గడి ఉండేది కాదు. నేనూ ఏనాడూ అడగలేదు.

అన్నట్టు, ఆ కుక్క సమాధి ఏ ఊరి దగ్గర?

మరో జవాబు:
సాంద్రాన్. ఊరి బయట అడవిలో.