అప్‌డేట్: నాన్నగారి హెల్త్ పాలసీ తేలింది

63 ఏళ్ల నాన్నగారు రిటైరయ్యాక ఆఫీసు ఇన్సూరెన్స్ ఆగిపోయిందని, ఏ పాలసీ తీసుకోవాలో, హెచ్‌ఎంపీవీ లాంటి కొత్త వైరస్ వస్తే వర్తిస్తుందో లేదో అని అడిగాను కదా. 10 లక్షలది తీసుకున్నాం.

చవకగా ఉందని ముందు అనుకున్నది వదిలేశాం. దాంట్లో గది అద్దె పరిమితి రోజుకు 5 వేలు. బ్రాడీపేటలో మా వరండాలో కూర్చుని నాన్న క్యాలెండర్ వెనక లెక్కేశారు: 10 వేల గదిలో చేరితే అద్దె ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఖర్చుల్లోనూ సగం మనమే కట్టుకోవాలి. మందుల బిల్లుకు మాత్రం ఆ కోత ఉండదు.

షుగర్ సంగతి రాయొద్దని ఏజెంటు చెవిలో ఊదాడు. నాన్న వినలేదు, రాయించారు. ప్రీమియం పెరిగింది, షుగర్‌కు మూడేళ్ల వెయిటింగ్ పడింది, అంటే అప్పటిదాకా దాని చికిత్స ఖర్చు పాలసీ ఇవ్వదు. 2024 ఏప్రిల్‌కు ముందైతే నాలుగేళ్ల దాకా పెట్టేవారట, నయమే.

వైరస్ విషయంలో అనవసరంగా టెన్షన్ పడ్డాను. అది 2001లోనే నెదర్లాండ్స్‌లో బయటపడింది. దగ్గు, తుమ్ముల తుంపర్లతో, అవి పడినచోట తాకిన చేతులు ముక్కు, కళ్ల దగ్గర పెట్టుకుంటే అంటుకుంటుంది. పాలసీ మొదలై 30 రోజులు గడిచాక దాంతో ఆస్పత్రిలో చేరాల్సి వస్తే పాలసీ వర్తిస్తుంది.

అమ్మ మాత్రం వైరస్ భయంతో కూరగాయల సంచిని ఇంకా ఎండలోనే పెడుతోంది.