ల్యాబ్‌లో బుద్ధిగా నడిచే రోబో ట్రాక్ ఎక్కగానే ఎందుకు మొరాయిస్తోంది? పిల్లల చేతే ఎలా సరిచేయించాలి?

అరండల్‌పేట_సైన్స్_టీచర్

నమస్కారం అండీ. గుంటూరులో మా స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఆరుగురితో రోబోటిక్స్ టీమ్ నడుపుతున్నాను. నా సబ్జెక్టు ఫిజిక్స్. ప్రోగ్రామింగ్ పిల్లలతో పాటే నేర్చుకుంటున్నాను.

బండి వివరాలు: ఆర్డుయినో ఊనో (బండిని నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు), ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, పసుపు రంగు బీఓ మోటార్లు రెండు, 65 మి.మీ. చక్రాలు, కింద ఐదు ఐఆర్ (పరారుణ కాంతి) సెన్సార్లు, ముందు హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ (ధ్వనితో దూరం కొలిచే సెన్సార్), డబ్బా ఎత్తడానికి ఎస్‌జీ90 సర్వోతో (చెప్పిన కోణానికి తిరిగే మోటార్) చిన్న చేయి. పవర్ రెండు 18650 సెల్స్. ఎడమ మోటార్ స్పీడ్ పిన్ (ఈఎన్ఏ) 10కి, కుడిది (ఈఎన్‌బీ) 5కి ఇచ్చాం. పోటీలో బండి నల్ల గీత వెంట వెళ్లాలి, అడ్డు వస్తే ఆగాలి, చివర డబ్బా ఎత్తాలి. టైమ్ 3 నిమిషాలు.

తిప్పలు ఇవి. సర్వో పెట్టిన రోజు నుంచి ఎడమ చక్రం వేగం మాట వినడం లేదు. మొదటి అర నిమిషం అంతా బాగుంటుంది, ఆ తర్వాత చేయి అదే పనిగా కొట్టుకుంటుంది. ఎదురుగా ఏమీ లేకపోయినా ఒక్కోసారి బండి ఆగిపోతుంది. పొద్దున 90 డిగ్రీలు తిరిగిన మలుపు మధ్యాహ్నానికి 70 దగ్గర ఆగుతుంది.

అసలు బాధ ఇంకొకటి. ఆరుగురిలో ఇద్దరే కోడ్ రాస్తారు, నలుగురు చూస్తారు. చివరికి ల్యాప్‌టాప్ నా చేతికొస్తుంది. పోటీలో నేను లోపలికి వెళ్లే వీలుండదు కదా. ఏం చేయమంటారు?

బెజవాడ_బ్రెడ్‌బోర్డు

మేడమ్, మీరు చెప్పినవి నాలుగు వేర్వేరు జబ్బులు. కలిపి చూస్తే దయ్యం పట్టినట్టుంటుంది, విడదీస్తే దేని కారణం దానికి ఉంది.

ఎడమ చక్రం సంగతి: ఊనోలో సర్వో లైబ్రరీ (సర్వోను నడిపే రెడీమేడ్ కోడ్) బోర్డులోని టైమర్1 అనే గడియారాన్ని తన కింద పెట్టుకుంటుంది. 9, 10 పిన్నుల పీడబ్ల్యూఎం (కరెంటును వేగంగా ఇస్తూ ఆపుతూ మోటార్ వేగం మార్చే పద్ధతి) నడిచేది ఆ టైమర్ మీదే. సర్వో తగిలించిన క్షణం నుంచి ఆ రెండు పిన్నుల్లో అనలాగ్‌రైట్ (పీడబ్ల్యూఎం ఇచ్చే ఆదేశం) పనిచేయదు. సర్వోను వేరే పిన్నుకు మార్చినా లాభం లేదు, టైమర్ అదే. ఈఎన్ఏని 6కి మార్చండి. 3 కూడా కుదురుతుంది కానీ 2, 3 పిన్నులను ఖాళీగా ఉంచుకోండి, ఎందుకో కింద చెప్తాను. బజర్ కోసం టోన్ వాడితే ఇదే తరహాలో 3, 11 పిన్నుల పీడబ్ల్యూఎం పోతుంది.

అర నిమిషం తర్వాత చేయి కొట్టుకోవడం: కోడ్‌లో మిల్లీస్ (బోర్డు ఆన్ అయ్యాక గడిచిన మిల్లీసెకన్ల లెక్క) విలువను ఇంట్ రకం వేరియబుల్‌లో దాచి ఉంటారు. ఊనోలో ఇంట్ 16 బిట్లు, అందులో పట్టే పెద్ద అంకె 32,767. అంటే 32.7 సెకన్లు. అది దాటగానే దాచిన విలువ రుణ సంఖ్య అయిపోతుంది, 'ఇంత సమయం గడిచిందా?' అన్న పరీక్షకు ప్రతిసారీ 'అవును' అనే జవాబు వస్తుంది. ఇంట్‌ను ఇంకా పెద్ద అంకెలు పట్టే అన్‌సైన్డ్ లాంగ్ అని మార్చండి. ల్యాబ్‌లో ఇది దొరకకపోవడానికి కారణం, 20 సెకన్లు నడిపి చప్పట్లు కొట్టి ఆపేయడం. టెస్ట్ అంటే పూర్తి 3 నిమిషాలు నడపాలి.

ఊరికే ఆగిపోవడం: అల్ట్రాసోనిక్‌కు గడువులోగా ప్రతిధ్వని రాకపోతే పల్స్‌ఇన్ (ప్రతిధ్వనికి పట్టిన సమయం కొలిచే ఆదేశం) 0 ఇస్తుంది. పిల్లలు '15 సెం.మీ. కంటే తక్కువైతే ఆగు' అని రాస్తారు. 0 కూడా 15 కంటే తక్కువే! 'సున్నా కాకపోతే, 15 కంటే తక్కువైతే' అని రెండు షరతులూ పెట్టాలి. ఇంకో సంగతి, పల్స్‌ఇన్‌కు మీరు గడువు ఇవ్వకపోతే అది 1 సెకను దాకా కాచుకుని కూర్చుంటుంది. ఎకో వైరు వదులైతే ప్రతి లూప్‌లో ఆ సెకను పోతుంది. సెకనుకు 40 సెం.మీ. వెళ్లే బండి ఈలోగా 40 సెం.మీ. గుడ్డిగా నడిచినట్టే. మీకు 30 సెం.మీ. లోపలి అడ్డు తెలిస్తే చాలు కాబట్టి గడువు 3,000 మైక్రోసెకన్లు ఇవ్వండి, 60 మిల్లీసెకన్లకు ఒకసారి మాత్రమే కొలవండి. మైక్రోసెకన్లను 58తో భాగించే సూత్రం మామూలు గది వేడికి సరిపోతుంది. మన ఎండల్లో 40 డిగ్రీలున్నప్పుడు ధ్వని వేగం పెరిగి 100 సెం.మీ. దూరం 97గా కనిపిస్తుంది. మీ టాస్క్‌కు ఆ తేడాతో పని లేదు గానీ ఫిజిక్స్ పీరియడ్‌కు మంచి సరుకు.

ఇక మలుపు. టైమ్‌తో తిప్పుతున్నారు కదా, 'ఇన్ని మిల్లీసెకన్లు డిలే' (అంతసేపు బోర్డు వేరే పని చేయకుండా ఆగే ఆదేశం) అని? తప్పు అక్కడే ఉంది. నిండా చార్జ్ చేసిన రెండు సెల్స్ 8.4 వోల్టులు. ఎల్298ఎన్ తనలోనే సుమారు 2 వోల్టులు మింగుతుంది, మోటార్‌కు అందేది 6.4. మధ్యాహ్నానికి సెల్స్ 7.2కు దిగితే మోటార్‌కు 5.2. వేగం ఐదో వంతు తగ్గినట్టు. అదే డిలేకి 90 కాస్తా 73 అవుతుంది. మీరు చూస్తున్న 70 దాదాపు ఇదే.

దీనికి మందు ఎన్‌కోడర్, అంటే చక్రం ఎంత తిరిగిందో లెక్కించే పరికరం. 20 గాట్ల బిళ్ల, స్లాట్ సెన్సార్ ఒక్కో చక్రానికి ఒకటి. ఊనోలో అటాచ్ ఇంటరప్ట్‌కు (గాటు కనిపించగానే జరుగుతున్న పని ఆపి లెక్కించే ఏర్పాటు) 2, 3 పిన్నులే ఉన్నాయి, అందుకే వాటిని దాచమన్నాను. 65 మి.మీ. చక్రం చుట్టుకొలత 204 మి.మీ., 20తో భాగిస్తే ఒక గాటుకు 10.2 మి.మీ. రెండు చక్రాల మధ్య 13 సెం.మీ. ఉండి, ఒకటి ముందుకు ఒకటి వెనక్కు తిరిగితే, 90 డిగ్రీలకు ఒక్కో చక్రం 102 మి.మీ. నడవాలి, అంటే 10 గాట్లు. ఈ లెక్క మీరు చేసివ్వకండి, టేపు పిల్లల చేతికిచ్చి వాళ్ల చేతే వేయించండి. ఒక గాటు తేడా 9 డిగ్రీలు కాబట్టి గాట్లనే నమ్ముకోకూడదు. 7 గాట్ల దాకా తిప్పి, అక్కడి నుంచి నెమ్మదిగా, మధ్య సెన్సార్ గీతను చూసేదాకా తిప్పాలి. లెక్కించే వేరియబుల్ ముందు వోలటైల్ (ఆ విలువను ప్రతిసారీ కొత్తగా చదవమని చెప్పే మాట) అని రాయడం మరవొద్దు.

సర్వోకు పవర్ ఎక్కడి నుంచి ఇస్తున్నారు? ఊనో 5 వోల్టుల పిన్ను నుంచైతే తీసేయండి. చేయి బిగుసుకున్నప్పుడు ఎస్‌జీ90 అర ఆంపియర్ పైనే లాగుతుంది, వోల్టేజ్ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. వేరే బక్ కన్వర్టర్‌తో (వోల్టేజ్ తగ్గించే చిన్న బోర్డు) 5 వోల్టులు ఇచ్చి, దగ్గర్లో 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, గ్రౌండ్లన్నీ కలపండి. రీసెట్ అవుతోందో లేదో తెలియాలంటే సెటప్‌లో (బోర్డు మొదలైనప్పుడల్లా ఒకసారి నడిచే భాగం) బోర్డు మీది ఎల్ఈడీని మూడుసార్లు వెలిగించే కోడ్ పెట్టండి. పరుగు మధ్యలో ఆ మూడు మెరుపులు కనిపించాయా, దోషం ప్రోగ్రామ్‌ది కాదు, పవర్‌ది.

ఉండవల్లి_లూప్

పై సమాధానంలో నాకు పేచీ లేదు. కానీ మేడమ్ ఈ నాలుగూ రేపు వెళ్లి సరిచేసేస్తే ఐదో తప్పుకు మళ్లీ ఇక్కడికే రావాలి. జవాబులు పిల్లలకు చెప్పకండి.

వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ లాంటి పిల్లల రోబో పోటీల్లో పోటీ జరిగే చోటికి కోచ్‌ను రానివ్వరు, పైగా ఆ రోజు ఉదయం ఒక కొత్త నియమం చెప్తారు. ఫస్ట్ లెగో లీగ్‌లో ఆట 2.5 నిమిషాలే, కానీ ఈ ప్రోగ్రామ్ ఎందుకు ఇలా రాశారని జడ్జీలు పిల్లలనే అడుగుతారు. కాబట్టి తర్ఫీదు మొదటి రోజు నుంచీ అలాగే ఉండాలి. ల్యాప్‌టాప్ దగ్గర మీ చేతులు వెనక్కి కట్టుకోండి. కీబోర్డు తాకే హక్కు కోచ్‌కు లేదు.

ఆరుగురిని మూడేసి చొప్పున రెండు జట్లు చేయండి. ఒకరు టైప్ చేస్తారు. రెండోవాళ్లు ఏం టైప్ చేయాలో నోటితో చెప్తారు. మూడోవాళ్లు బండి నడిపి రిజిస్టర్‌లో రాస్తారు. టైప్ చేసేవాళ్లు సొంతంగా ఒక్క లైను రాయకూడదు, చెప్పేవాళ్లు కీబోర్డు ముట్టకూడదు. 20 నిమిషాలకు గంట కొట్టి మార్చండి. బాగా వచ్చిన ఆ ఇద్దరినీ వేర్వేరు జట్లలో వేసి, మొదటి వంతు రిజిస్టర్ పని ఇవ్వండి. గోల చేస్తారు. చేయనివ్వండి.

రిజిస్టర్ అంటే కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటి పొడుగు నోట్‌బుక్ చాలు. తేదీ, సెల్స్ వోల్టేజ్, ఏం మార్చాం, ఏమవుతుందనుకున్నాం, ఐదు పరుగుల్లో ఎన్ని సరిగ్గా వచ్చాయి. 'ఏమవుతుందనుకున్నాం' అన్న గడి పరుగుకు ముందే నిండాలి. నా దృష్టిలో ప్రోగ్రామింగ్ నేర్పేది ఆ గడే. ఒకసారికి ఒకే మార్పు. వేగం, కేపీ (గీత నుంచి తప్పినదానికి ఎంత గట్టిగా తిరగాలో చెప్పే అంకె) రెండూ కలిపి మార్చి బాగుపడినా ఆ ఫలితాన్ని కొట్టేయించండి, దేనివల్ల బాగుపడిందో ఎవరికీ తెలియదు కాబట్టి. వోల్టేజ్ గడి ఉండుంటే మీ మలుపు గుట్టు మీ పిల్లలే వారంలో పట్టేసేవాళ్లు.

ఎవరైనా 'మేడమ్, పనిచేయట్లేదు' అంటే మూడు ప్రశ్నలే అడగండి. ఏం జరగాలి? ఏం జరిగింది? తేడా మొదట ఎక్కడ కనిపించింది? మూడోదానికి జవాబు లేకపోతే సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే అంకెలు కనిపించే ల్యాప్‌టాప్ కిటికీ) సెన్సార్ విలువలు చూసి రమ్మనండి. సగం మంది దారిలోనే తప్పు పట్టుకుంటారు.

కోడ్ రాయని నలుగురి కోసం ల్యాప్‌టాప్ లేని ఆట: వరండాలో సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గళ్లలా 6 × 6 గీయండి. ఒక పిల్ల రోబో. చీటీల మీద ఆదేశాలు నాలుగే: ముందుకు ఒక గడి, ఎడమకు తిరుగు, కుడికి తిరుగు, ఎదురుగా అడ్డుంటే తర్వాతి చీటీ వదిలేయి. చీటీలన్నీ ముందే వరసగా పేర్చాలి, మధ్యలో నోరు మెదపకూడదు. మొదటి పది నిమిషాల్లోనే 'ఎడమంటే నా ఎడమా, రోబో ఎడమా' అని తగువొస్తుంది. ఆ తగువు వాళ్లే తేల్చుకోవాలి.

వారానికోసారి నడుస్తున్న ప్రోగ్రామ్‌లో మీరే ఒక తప్పు నాటండి. పోల్చే చోట రెండు సమాన గుర్తుల్లో ఒకటి చెరిపేయడం, మిల్లీస్‌ను ఇంట్‌లో పెట్టడం, ఒక సెన్సార్ వైరు వదులు చేయడం. 'ఒక తప్పుంది, 20 నిమిషాలు' అని చెప్పి బయటికి నడవండి. తప్పు వైర్లో ఉందో కోడ్‌లో ఉందో చెప్పకూడదు. ముందుగా దాన్ని తేల్చడమే వాళ్ల పని.

పటమట_పీఐడీ

కోడ్ గురించి రెండు ముక్కలు. డిలేతో నిండిన ప్రోగ్రామ్‌ను సరిచేయడం కంటే తిరగరాయడం సులువు. నాలుగు స్థితులు కాగితం మీద గుండ్రాలుగా గీయించండి: గీత వెంట, అడ్డు ముందు ఆగు, చేయి ఎత్తు, పని ముగిసింది. ఏ స్థితి నుంచి ఏ స్థితికి, ఏం జరిగితే వెళ్తుందో బాణాల మీద రాయాలి. బాణం మీద ఏమీ రాయలేకపోతే అక్కడ ఇంకా ఆలోచించలేదని అర్థం. తర్వాత కోడ్‌లో అదే స్విచ్-కేస్, అంటే ఏ స్థితికి ఆ పనిని ఎంచుకునే ఆదేశం. 100 మిల్లీసెకన్ల డిలేలో మీ బండి 4 సెం.మీ. వెళ్తుంది, ఇన్సులేషన్ టేపు వెడల్పు 2 సెం.మీ. కూడా ఉండదు. ఈ ఒక్క లెక్క చెప్తే డిలే ఎందుకు వద్దో ఇంకో మాట అక్కర్లేదు.

పీఐడీ (తప్పుదలను బట్టి బండిని సరిచేసే పద్ధతి) అనగానే కేపీ, కేఐ, కేడీ అనే మూడు అంకెలూ ఒకేసారి పెట్టి తిప్పుతుంటారు. ఐదు సెన్సార్లకు -2, -1, 0, 1, 2 బరువులు ఇచ్చి, నల్లగా కనిపించినవాటి సగటు తీస్తే అదే తప్పుదల. మూల వేగం 120, కేపీ 10 నుంచి పదేసి పెంచుతూ, బండి పాములా ఊగడం మొదలైన చోట ఆగి మూడో వంతు తగ్గించండి. తర్వాత కేడీ (తప్పుదల ఎంత వేగంగా మారుతోందో చూసి ఊగడం తగ్గించేది). కేఐ (పాత తప్పుదలల మొత్తాన్ని చూసేది) సున్నా ఉంచండి, గీత వెంట నడవడానికి దాని అవసరం సాధారణంగా రాదు. లూప్ 10 మిల్లీసెకన్లకు ఒకసారి కచ్చితంగా తిరగాలి, లేకపోతే కేడీకి అర్థం ఉండదు.

ఇక్కడ పొంచి ఉండే తప్పులు రెండు. ఏ సెన్సార్‌కూ గీత కనిపించకపోతే సున్నాతో భాగించినట్టవుతుంది, వచ్చే అంకెకు అర్థం ఉండదు. అప్పుడు పాత తప్పుదలనే కొనసాగించాలి. రెండోది, 5, 6 పిన్నులకు అనలాగ్‌రైట్‌లో 280 ఇస్తే 255 దగ్గర ఆగదు, 256 పోగా మిగిలిన 24 వెళ్తుంది. గట్టిగా తిరగాల్సిన చక్రం నిలబడిపోతుంది. కన్‌స్ట్రెయిన్‌తో 0కీ 255కీ మధ్య బిగించండి.

ట్రాక్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫ్లెక్స్ మీద వేయిస్తే షాపువాళ్లకు రెండు మాటలు చెప్పండి: మెరుపు లేని మెటీరియల్ కావాలి, గీత నల్ల ఇంకు ఒక్కదానితోనే పడాలి. మూడు రంగులు కలిపి చేసిన నలుపు కంటికి నల్లగానే ఉంటుంది, ఐఆర్‌కు తెల్లగా కనిపించవచ్చు. ముందు ఒక అడుగు ముక్క ప్రింట్ తీయించి సెన్సార్ పెట్టి చూడండి. మడత పెట్టొద్దు, చుట్టండి. మడత మీద చక్రం ఎగిరితే సెన్సార్ ఎత్తు మారుతుంది.

అరండల్‌పేట_సైన్స్_టీచర్

చాలా థాంక్స్ అండీ. రిజిస్టర్, వంతులు సోమవారం నుంచే. మరో రెండు ప్రశ్నలు. మా ల్యాబ్ కిటికీ పడమర వైపు, సాయంత్రం నాలుగు దాటితే ఐఆర్ సెన్సార్లన్నీ తెలుపే చూపిస్తున్నాయి. రెండు, ఎల్298ఎన్ తీసేసి టీబీ6612 అనే మోటార్ డ్రైవర్ పెట్టమని ఒకరన్నారు. ఇప్పుడు మార్చాలా?

బెజవాడ_బ్రెడ్‌బోర్డు

ఎండలో ఐఆర్ బోలెడు ఉంటుంది, అది సెన్సార్‌లోకి నేరుగా పడుతోంది. సెన్సార్ వరస చుట్టూ నల్ల చార్ట్ పేపర్‌తో పావడాలా కట్టండి, నేలకు 2 మి.మీ. ఎడం ఉంటే చాలు. సెన్సార్ ఎత్తు 5 మి.మీ. దగ్గర పెట్టండి. మాడ్యూల్ మీది స్క్రూ తిప్పి సరిచేసే పద్ధతి మానేసి, అనలాగ్ విలువలు చదవండి. స్టార్ట్ బటన్ నొక్కాక 5 సెకన్ల పాటు బండిని గీత మీద అటూ ఇటూ జరిపి, ఒక్కో సెన్సార్‌కు కనిష్ఠం, గరిష్ఠం పట్టుకుని, మధ్య విలువను హద్దుగా తీసుకోవాలి. పోటీ హాల్లో లైట్లు ఎలా ఉన్నా ఇదే కాపాడుతుంది. అయితే ప్రాక్టీస్ పరుగుల్లోనే నియమాలు చదివి చూసుకోండి, స్టార్ట్ తర్వాత బండిని చేత్తో ముట్టుకోనివ్వకపోతే బండే తనంతట తాను అటూ ఇటూ ఊగేలా రాయాలి.

టీబీ6612 మంచిదే, వోల్టేజ్ చాలా తక్కువ మింగుతుంది, ఒక్కో చానెల్‌కు 1.2 ఆంపియర్ నిలకడగా ఇస్తుంది. మీ బీఓ మోటార్లకు అది సరిపోతుంది. కానీ మార్చితే అదే పీడబ్ల్యూఎంకు మోటార్‌కు ఎక్కువ వోల్టేజ్ అందుతుంది, కేపీ, కేడీ మళ్లీ మొదటి నుంచి కుదుర్చుకోవాలి. పైగా అవి 3 నుంచి 6 వోల్టుల మోటార్లు, నిండు చార్జ్‌లో పూర్తి 255 ఇవ్వకుండా 180 దగ్గర కట్టేయాలి. పోటీకి మూడు వారాల లోపు ఉంటే డ్రైవర్ జోలికి పోవద్దు.